ఉప్పునీళ్ళ తొట్టికి మూడు షిఫ్టులు

మొన్న మంచిర్యాలలో కంటి ఆసుపత్రికి వెళితే చుక్కల మందు వేసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. మన వయసు వాళ్ళను కళ్ళు మూసుకోమంటే నిద్రయినా వస్తుంది, పాత సంగతులైనా వస్తాయి. రెండూ ఎందుకులే అని మధ్యలో కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గోడకున్న పెద్ద టీవీలో సముద్రం అడుగు కనిపించింది. పగడపు దిబ్బలు, వాటి మీద మెత్తని వేళ్ళలా ఊగే జీవాలు, వాటి నడుమ నారింజ రంగు చేపలు, మందు వల్ల అన్నీ మసక మసకగా. పక్కన కూర్చున్నావిడ ఎంత బాగున్నాయో అని మురిసిపోతోంది. నాకు మాత్రం మోటారు చప్పుడు లేకుండా ఆ నీళ్ళు కదలడమే వింతగా అనిపించింది. ఎందుకంటే ఆ చప్పుడు మా ఇంట్లో ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు వినిపించింది. గోదావరిఖనిలో, రెండు గదుల కంపెనీ క్వార్టర్లో, మేము సముద్రపు ముక్కనొకదాన్ని పెంచాము. ఇప్పటి వాళ్ళకు చెబితే నమ్మరు, ఆ మాటకొస్తే అప్పటి వాళ్ళూ చూస్తే గానీ నమ్మలేదు.

మా ఆయన బాయిలో పంపు ఆపరేటరు. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటారు. బొగ్గు తవ్వుతున్న కొద్దీ భూమిలోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. ఆ ఊటనంతా ఒక గుంటలోకి మళ్ళించి పంపుతో పైకి తోడకపోతే మనుషులు పనిచేసే చోట్లన్నీ మునిగిపోతాయి. ఆ గుంట పక్కన, టోపీ లైటు వెలుగులో, గోడ మీద గీసిన మార్కును నీళ్ళు దాటకుండా చూడటం ఆయన ఉద్యోగం. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి చెప్పవలసిందీ ఆ ఒక్క సంగతే, నీళ్ళు మార్కుకు ఎక్కడున్నాయని. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి పంపు మీద చెయ్యి వేసేదాకా ముందు మనిషి అక్కడి నుంచి కదలకూడదు. రిలీవరు రాకపోతే ఆకలితో అయినా రెండో షిఫ్టు కూడా అక్కడే. పెళ్ళయిన కొత్తలో బడి నుంచి వచ్చి వండిపెట్టి, కూర చల్లారిపోతుంటే గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చిరాకు పడ్డానో. నేను టీచర్ని, గంట కొడితే క్లాసు వదిలేసే అలవాటు నాది.

మాకు పిల్లలు లేరు. చర్చిలో ప్రార్థన చేయించుకోవడం, హైదరాబాదు డాక్టర్ల చుట్టూ తిరగడం, అన్నీ అయిపోయి ఆ విషయం మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లో కంపెనీ ఇచ్చే ప్రయాణపు సెలవు మీద అండమాన్ వెళ్ళాము. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చోబెట్టి సముద్రపు అడుగు చూపిస్తారు. అందరూ అదిగో ఇదిగో అని అరుస్తుంటే ఈయన మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, పడవ ఒడ్డుకు తగిలేదాకా తల ఎత్తలేదు. దిగాక చాలాసేపటికి నాతో అన్నాడు.

“ఇన్నేండ్లు నీళ్ళ పక్కపొంటే కూసున్న. ఆ నీళ్ళల్ల ఒక్క పురుగు గూడ బతుకది. నీళ్ళంటే గిట్ల గూడ ఉంటయని నాకు ఎవ్వలు చెప్పలే.”

తిరిగి వచ్చాక హైదరాబాదులో ఉప్పునీటి చేపలు అమ్మే కొట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చివరికి ఒక లారీలో మంచమంత పొడుగు గాజు తొట్టి వచ్చింది. దానికి ఇనుప బల్ల చేయించాడు. ముందు గదిలో మేము కూర్చునే చోటంతా అదే ఆక్రమించింది. శుద్ధి చేసిన నీళ్ళ డబ్బాలు, సముద్రపు నీళ్ళు తయారు చేసే ప్రత్యేకమైన ఉప్పు బకెట్లు, నీళ్ళను తిప్పే మోటార్లు, నురుగు రూపంలో మురికి లాగేసే గొట్టం, నీలం లైట్లు. ఇంత హంగామా చేసి తొట్టిలో ఏం పెట్టాడయ్యా అంటే చిల్లులు పడ్డ రాళ్ళు. నెలల తరబడి అవే రాళ్ళు, అవే నీళ్ళు. రాళ్ళలో కంటికి కనిపించని జీవం కుదురుకుంటే తప్ప చేపను వేయకూడదట. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి ఏం పెంచుతున్నారమ్మా అని అడిగితే రాళ్ళు పెంచుతున్నామని చెప్పేదాన్ని. పోపు వాసన, బొగ్గుపొయ్యి పొగ దాని దగ్గరికి రాకూడదని నా వంట వెనక వరండాలోకి మారింది. బొగ్గు దుమ్ము పడకుండా కిటికీలకు తడిగుడ్డలు కట్టడం నా పనైంది. దాన్ని నేను సవతి అని పిలిచేదాన్ని. ఆయన కాదనలేదు, నవ్వేవాడు.

ఆ సవతి నా మనసు ఎప్పుడు దోచిందో చెప్పగలను. హైదరాబాదు నుంచి తెచ్చిన వేలంత పగడపు మొక్క, మొక్క అనడం తప్పు, అది ప్రాణి, కొన్నాళ్ళు ముడుచుకునే ఉండి ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి విచ్చుకుని ఉంది. పసిపిల్ల అరచెయ్యంత, లేత ఊదా రంగు, ఒళ్ళంతా సన్నని వేళ్ళు. ఆ రోజు నుంచి పరీక్ష పేపర్లు ఆ నీలం వెలుగులోనే దిద్దాను. మధ్యాహ్నం పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే ఇంటి తలుపులతో పాటు తొట్టి కూడా సన్నగా అదిరేది. అది చటుక్కున ముడుచుకుని, ఇక భయం లేదనుకున్నాక ఒక్కొక్క వేలే చాచేది. కొన్నేళ్ళకు దాని మొదట్లో ఇంకొక చిన్న బుడిపె మొలిచింది. పిల్ల వేసిందని మా ఆయన వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. మాకు పిల్లలు లేరని తెలిసినవాళ్ళు ఆ మాట విని నా మొహం వంక చూసేవాళ్ళు. నేను కూడా ఆయనతో పాటు సంతోషంగానే ఉన్నానని వాళ్ళకెలా చెప్పేది?

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరవుతాయి. మా రామగుండం ప్రాంతపు ఎండలు మీకు తెలియనివి కావు. ఎండాకాలం నీళ్ళు చల్లబడటానికి పైనుంచి ఫ్యాన్లు పెడితే ఇంకా ఎక్కువ తగ్గుతాయి. అయితే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంత మేర మంచినీళ్ళే పోయాలి. ఆయన తొట్టి అద్దం మీద ఎర్ర రంగుతో ఒక మార్కు గీసి, రోజూ తెల్ల డబ్బాలోని మంచినీళ్ళు ఆ మార్కు వరకు పోసేవాడు. పక్కనే నీలం డ్రమ్ములో కలిపి పెట్టిన ఉప్పునీళ్ళు ఉండేవి. అవి వేరే పనికి, అప్పుడప్పుడూ తొట్టిలోంచి పాతనీళ్ళు కొన్ని తీసేసి మార్చడానికి. చెయ్యి తిరిగిన పని కనుక ఈ తేడా ఆయన ఎవరికీ వివరించి చెప్పిన గుర్తు లేదు. నేను కూడా వంటలా దాన్ని ఆయనకే వదిలేశాను.

రిటైర్మెంటు ఇంకా కొంత దూరంలో ఉండగానే ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. ఎండలు ముదిరిన రోజుల్లో కంపెనీ దవాఖానలో హైదరాబాదు వెళ్ళమని రాసిచ్చారు. అంబులెన్సు వాకిట్లో ఉంది, నేను బట్టల సంచి పట్టుకుని నిలబడ్డాను, ఈయన తొట్టి ముందు కుర్చీలోంచి లేవడు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అంటున్నాడు. నేను ఏడ్చాను, తిట్టాను కూడా. ఆ సవతి ముందే ప్రాణం వదులుతావా అన్నాను. అప్పుడు కాక వచ్చాడు.

కాక అంటే మా చుట్టం కాదు. మా ఆయనకు పంపు పని నేర్పిన పెద్దాయన, గోదావరి ఒడ్డున పల్లె ఆయనది, అప్పటికే రిటైరయ్యాడు. తొట్టి ఉన్న గదిలోకి చెప్పులు విడిచి గానీ అడుగుపెట్టేవాడు కాదు. ఆయన వెనకే మేము తమ్ముడూ అని పిలిచే పక్క క్వార్టరు అతను, నస్పూర్ నుంచి డ్యూటీకి బండి మీద వచ్చే, మా ఆయన బావా అని పిలిచే మనిషి, ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ అదే పంపు మీద పనిచేసేవాళ్ళు. కాక వెళ్ళి తొట్టి మోటారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“నేను రిలీవర్‌ను బిడ్డా. నీ డ్యూటీ అయిపోయింది. లే, పైకెక్కు.”

మా ఆయన లేచాడు. అంత సేపూ నేను ఏడ్చినా కదలని మనిషి ఆ మాటకు లేచాడు. వాళ్ళకు ఎర్ర మార్కు చూపించాడు, నీళ్ళు దాని కిందికి దిగకూడదని చెప్పాడు, మేత ఎంత వేయాలో, లైటు ఎప్పుడు ఆర్పాలో చెప్పాడు, ఆయాసం వస్తుంటే ఆగి ఆగి చెప్పాడు. అంబులెన్సు డ్రైవరు హారను కొట్టాడు. మేము వెళ్ళిపోయాము.

ఆ ఎండాకాలమంతా హైదరాబాదు ఆసుపత్రిలోనే గడిచింది. ఇక్కడ ఆ ముగ్గురూ తొట్టికి మూడు షిఫ్టులు వేసుకున్నారు. ఒకరు డ్యూటీలో ఉంటే ఇంకొకరు, రాత్రుళ్ళు కాక చాప వేసుకుని అక్కడే. బాయిలో లాగానే ఒకరొచ్చి మోటారు మీద చెయ్యి వేస్తే గానీ ఇంకొకరు కదిలేవారు కాదట. సాయంత్రం ఫోను వచ్చేది. మా ఆయన ముక్కుకు ఆక్సిజను గొట్టంతో పడుకుని వినేవాడు. వాళ్ళు ఫోను తీసుకెళ్ళి మోటారు దగ్గర పెట్టేవాళ్ళు, ఆయన కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విని, మంచిగ నడుస్తాంది అనేవాడు. పంపు ఆరోగ్యం చప్పుడులోనే తెలిసిపోతుంది ఆయనకు. తర్వాత మార్కు ఎట్లుంది అని అడిగేవాడు. మార్కు మీదనే ఉందనేవాళ్ళు. పిల్ల ఎంతైంది అని అడిగేవాడు. మొదట్లో పెరుగుతోంది అన్నారు. తర్వాత్తర్వాత ముడుచుకునే ఉంటోంది అన్నారు. నువ్వు లేవని అలిగినయ్ బిడ్డా, నువ్వొస్తే విచ్చుకుంటయ్ అన్నాడు కాక. అది విని నవ్విన మొహం కాసేపటికి మామూలైంది. ఆసుపత్రిలో ఆయన నాతో కోరింది ఒకటే, ఇంటికి తీసుకుపో, ఆ పిల్లను ఒకసారి చూడాలె అని.

డాక్టర్లు కూడా చివరికి ఇంటికి తీసుకెళ్ళమనే చెప్పారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇంట్లో అడుగుపెట్టగానే మొదట నాకు మార్కే కనిపించింది. ఎర్ర గీత, దాని మీద సరిగ్గా నీళ్ళు, వెంట్రుకవాసి తేడా లేదు. అద్దం మీద దుమ్ము లేదు, కిటికీలకు తడిగుడ్డలు మా చేతులతో కట్టినట్టే ఉన్నాయి. లోపల మాత్రం ఏమీ లేదు. ఊదా రంగు చెయ్యి కుంగి, జిగురుగా కరిగిపోయింది. పిల్ల ఉన్న చోట రాయి ఖాళీగా ఉంది. మిగిలినవి కూడా అంతే, బోడి రాళ్ళు, నారింజ చేపలు మాత్రం ఒక మూలకు చేరి ఒగరుస్తున్నాయి. మా ఆయన చూపుడువేలు నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు కొలిచే పరికరం తెమ్మన్నాడు. అందులో ముల్లు అంకెలన్నీ దాటి పైకి వెళ్ళి ఆగిపోయింది.

వాళ్ళు రోజూ నీలం డ్రమ్ములోవి పోశారు. అవి అయిపోతే ఆయన కలపడం చూసినవాళ్ళే కనుక ఉప్పు బకెట్లు తెరిచి, ఉండ కట్టకుండా జాగ్రత్తగా కలిపి మరీ పోశారు. సముద్రపు జీవాలకు ఉత్త నీళ్ళు పోస్తే ఎక్కడ చచ్చిపోతాయోనని తెల్ల డబ్బాలను ముట్టుకోనైనా లేదు. పోసిన ఉప్పంతా తొట్టిలోనే చేరింది. వాళ్ళ బతుకంతా నీళ్ళ మట్టం చూడటంలో గడిచింది, మార్కు మీద నీళ్ళుంటే బాయి క్షేమం, కింద ఉన్న మనుషులంతా క్షేమం. ఆ లెక్కన ఏ పంపు మనిషీ ఇంతకన్నా బాగా కాయలేడు. అదంతా నాకు ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ ముగ్గురినీ పిలిచి అడుగుతానని లేచాను. ఆయన నా కొంగు పట్టుకున్నాడు. లాగేంత బలం లేదు ఆ చేతిలో, ఊరికే పట్టుకున్నాడు.

“మార్కు చూపెట్టిన గని, ఏ నీళ్ళు పొయ్యాల్నో చెప్పలే. తప్పు నాది. వాళ్ళకు తెల్వద్దు. నేను పోయినంక గూడ తెల్వద్దు.”

సాయంత్రం ముగ్గురూ కలిసి వచ్చారు. షిఫ్టుల వల్ల, అంబులెన్సు వచ్చిన రోజు తప్ప వాళ్ళను ఒకేచోట నేను అంతకు ముందు చూడనే లేదు. ఉతికిన చొక్కాలు వేసుకుని, తలలు వంచుకుని, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా గోడవారన నిలబడ్డారు. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. నస్పూర్ మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాక ముందుకు వచ్చాడు.

“ఒక్క ఏలు గూడ దిగనియ్యలే బిడ్డా. మీ ఏసు తోడు, నా దేవుని తోడు.”

“నాకెరుకే కాక. మీ తప్పేం లేదు. వేడికి పోయినయ్. ఎండను ఎవలు ఆపుతరు? నేనున్నా గిట్లనే అయితుండె.”

కాక ఆయన పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. కాసేపటికి ఆ గదిలో మనుషులు మామూలుగా ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, చూసుకోలేదు.

ఆ మిగిలిన కొద్ది రోజులూ ఆయన బోడి రాళ్ళ ముందే కూర్చున్నాడు. వాళ్ళు వచ్చినప్పుడల్లా ఎండ గురించి మాట్లాడేవాడు, ఈసారి ఎండలు ఎన్నడూ లేనంత ఉన్నాయనేవాడు. మాట్లాడటానికే ఊపిరి చాలని మనిషి ఉన్న ఊపిరంతా ఆ అబద్ధానికే ఖర్చు పెట్టాడు. తొలకరి పడక ముందే పోయాడు. భూస్థాపన అయ్యాక చేపలను హైదరాబాదు కొట్టతను వచ్చి పట్టుకుపోయాడు. నీళ్ళు నేనే తోడి పారబోశాను, అవి పడ్డచోట చాలా కాలం గడ్డి మొలవలేదు. రాళ్ళు ఎవరు ఎటు తీసుకెళ్ళారో నేను పట్టించుకోలేదు. క్వార్టరు కంపెనీకి అప్పగించి మంచిర్యాల వచ్చేశాను.

తర్వాత నస్పూర్ మనిషి గుండెపోటుతో పోయాడు. పక్క క్వార్టరు తమ్ముడిని కరోనా తీసుకుపోయింది. పోయిన నెల కాక కూడా పోయాడని ఫోను వస్తే వాళ్ళ పల్లెకు వెళ్ళాను. దేవుడి పటాలున్న గూట్లో ఒక రాయి కనిపించింది. ఒళ్ళంతా చిల్లులు, పసుపు, కుంకుమ. నేను దాన్ని చూస్తూ నిలబడిపోతే కాక కోడలు దగ్గరికి వచ్చింది.

“మామ రోజు తుడిచెటోడు అవ్వా. మా దోస్తుకు మాటిచ్చి నిలవెట్టుకున్న, గిది గురుతు అనెటోడు. ఒక్క ఏలు గూడ నీళ్ళు దిగనియ్యలేదంట గదా, నిజమేనా?”

నిజమే బిడ్డా అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

వచ్చేటప్పుడు ఆటోను గోదావరిఖని మీదుగా పోనిమ్మన్నాను. మా బాయి మూసేశారు, పంపులు పైకి తీసేశారు, కింద గుంట, గోడ, మార్కు అన్నీ నీళ్ళలోనే ఉండి ఉంటాయి, తోడేవాళ్ళు లేరు. మా క్వార్టర్ల వరస కూల్చేశారు. షిఫ్టు మారే వేళకు సైరను మోగితే గడియారం సరిచేసుకున్న ఊళ్ళో ఇప్పుడు ఎవరి వేళ వాళ్ళ ఫోనులోనే ఉంది. వెనక మనిషి రాకుండా ముందు మనిషి కదలడని ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు, వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ పనులు అలాంటివి కావు.

ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ ముగ్గురిలో ఏ ఒక్కరికి తెలిసినా ఆ రాత్రి అన్నం తినలేరని భయపడ్డాను. చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు నా బతుకులో చేసిన మేలు, చెప్పమన్నప్పుడు కూడా ఆ ఎండాకాలం దగ్గరికి వచ్చి మాట మార్చేదాన్ని. ఇప్పుడు తెలిసి బాధపడే వాళ్ళెవరూ మిగల్లేదు కనుక రాస్తున్నాను. నోరు మూసుకోవలసిన రోజులే బాగుండేవి.